మైసమ్మ అనుకున్న బండ

మందుపాతర ఎక్కడుందో దూరం నుంచే చూసి చెప్పగల మనిషి శంషాబాద్ మండలం మొత్తానికి నేనొక్కడినే. కువైట్ ఎడారిలో, యుద్ధం అయిన కొత్తలో, మా నీళ్ళ ట్యాంకర్ పోయే దారిలో నాలుగు మందుపాతరలను కనిపెట్టి లారీ నిండా ఉన్న మనుషుల ప్రాణాలు కాపాడాను. మా అరబ్బు సేఠ్ నా భుజం తట్టి, ఇలాంటి కన్ను ఉన్నవాణ్ణి ఇంతవరకు చూడలేదన్నాడు.

పాల్మాకులలో నన్ను ఎరిగినవాళ్ళు నేను చెప్పిన దాంట్లో ముప్పాతిక తీసేసి మిగిలింది వింటారు. మీకు ఆ శ్రమ ఎందుకు, నేనే తీసేస్తాను. ట్యాంకర్ నడిపింది శంషాబాద్ ఖాజా. నేను పక్కన కూర్చునే హెల్పర్ని, నీళ్ళ పైపు పట్టుకోవడం నా పని. మందుపాతరలను ఒక్కసారే చూశాను, అదీ లారీ అద్దంలోంచి, తీగ కంచెకు అవతల ఎవరో సిపాయిలు మోకాళ్ళ మీద కూర్చుని మెల్లగా మట్టి తీస్తుంటే. సేఠ్ నా భుజం తట్టిన మాట నిజమే, అడ్డం లెమ్మని.

కాని పాఠం విన్నది మాత్రం నిజం. క్యాంపులో దిగిన మొదటి రోజే మమ్మల్నందరినీ రేకుల షెడ్డు కింద కూర్చోబెట్టి ఒక మనిషి హిందీలో చెప్పాడు. ఎర్ర రంగు పూసిన రాయి కనబడినా, రాళ్ళు కుప్పగా పేర్చి ఉన్నా, విరిచిన కొమ్మలు దారికి అడ్డంగా ఉన్నా, కర్రకు గుడ్డ కట్టి ఉన్నా, అవి ఊరికే పడి ఉన్నవి కావు, నీకంటే ముందు వచ్చినవాడు నీకోసం పెట్టిపోయిన మాటలు. అలాంటి మాట చెప్పేవాడు లేనిచోట నేలనే చూడు. మట్టిలోంచి తీగో తాడో బయటికి వచ్చిందా, మేకల ఎముకలు పడి ఉన్నాయా, దగ్గరి దారి వదిలేసి జనం ఎందుకు చుట్టూ తిరిగి పోతున్నారు, చూసుకో. అనుమానం వస్తే అక్కడే ఆగు. ముట్టకు, రాయి విసరకు, పేలుతుందేమో చూద్దామని అనుకోకు. నీ అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ వెనక్కి రా. వచ్చి, కనబడిన ప్రతివాడికీ చెప్పు.

ఈ పాఠాన్ని మా ఊరి చాయ్ హోటల్లో ఎన్ని ఏళ్ళు వల్లించానో లెక్క లేదు. నా నోటికి బాగా వచ్చింది. కాళ్ళకు రాలేదు.

మా ఊరి అవతల ఒకప్పుడు జొన్న, ఆముదం వేసిన చెల్కలన్నీ ఇప్పుడు ప్లాట్లు. పసుపు రంగు వేసిన హద్దురాళ్ళు, మట్టి రోడ్లు, మధ్యలో పెరిగిన గడ్డి. షుగర్ ఉంది కాబట్టి నడవమని డాక్టరు చెప్పినప్పటి నుంచి నేను పొద్దున్నే అక్కడే తిరుగుతాను. తల మీద విమానాలు దిగుతుంటాయి, కింద మేకలు మేస్తుంటాయి. ఆ ప్లాట్ల చివర పెద్ద బండలు అడ్డం వస్తున్నాయని పోయిన ఏడాది జ్యేష్ఠమాసంలో కొందరు వచ్చి, బండలకు రంధ్రాలు వేసి, లోపల మందు తూటాలు పెట్టి పేల్చారు. వాన మొదలవగానే సామాను సర్దుకుని పోయారు.

వాళ్ళు పోయాక ఒకరోజు చూస్తే, చివరన మిగిలిన ఒక బండ మీద రాళ్ళు కుప్పగా పేర్చి ఉన్నాయి. మధ్యలో కర్ర, కర్రకు ఎర్ర గుడ్డ. బండ పగులులోంచి ఒక నల్లటి తాడు కొస బయటికి వచ్చి ఉంది.

మా వైపు భూమిలో ఏ పని మొదలుపెట్టినా ఒక రాయి నిలబెట్టి, ఎర్ర గుడ్డ కట్టి, మైసమ్మ తల్లీ నువ్వే చూసుకోవాలని మొక్కుకోవడం ఉంది. పెద్ద పెద్ద భవనాలు కట్టేవాళ్ళు కూడా గేటు పక్కన మైసమ్మను పెట్టనిదే పునాది తీయరు. కాబట్టి రాళ్ళకుప్ప మీద ఎర్ర గుడ్డ కనబడితే మాకు ఎవరూ వచ్చి చెప్పనక్కర్లేదు. నల్ల తాడు దిష్టికి కట్టారనుకున్నాను. మర్నాడు పోతే ఎవరో కుంకుమ పెట్టి ఉన్నారు. ఆ తర్వాత బంతిపూలు వచ్చాయి. దూరంగా నాలా గట్టు మీద ఇంకో చిన్న బండకు కూడా అలాంటి గుడ్డే ఉంది. మైసమ్మకు చెల్లెలు పోచమ్మ తోడుంటుంది కదా అనుకుని అటు కూడా ఒక దండం పెట్టాను.

ఆషాఢం మొదటి ఆదివారం పొద్దున, మా ఆవిడ సత్తెమ్మ చేతిలోంచి కొబ్బరికాయ, కర్పూరం తీసుకుని బయలుదేరాను. బండ మీద కాయ కొట్టాను. ఒక చెక్క అమ్మ ముందు పెట్టాను, రెండోది సంచిలో వేసుకున్నాను. గాలికి కర్పూరం నిలవడం లేదని బండ పగులులో, ఆ నల్ల తాడు పక్కన, పెట్టి వెలిగించాను. చెంపలు వేసుకున్నాను. కొంత దూరం నడిచాక వెనక ఎక్కడో పాము బుసకొట్టినట్టు చప్పుడైంది. వెనక్కి తిరిగాను.

అంతే. చప్పుడు వినబడిందని అందరూ అంటారు, నాకు వినబడలేదు. ముఖం మీద ఎవరో వేడి కంకర గంపతో కొట్టినట్టు అనిపించింది. తర్వాత నేల మీద ఉన్నాను. కళ్ళు తెరిచే ఉన్నాయని చేత్తో తడిమి తెలుసుకున్నాను. కాని ఏమీ లేదు. పొగ అయ్యుంటుంది, పోతుంది అనుకున్నాను. పోలేదు.

గడ్డి కోస్తున్న ఒకామె పరుగెత్తుకొచ్చి తన కొంగు నా ముఖానికి అదిమిపట్టింది. ఆమె ఎవరో నేటికీ నాకు తెలియదు. ఆ కొంగుకు పచ్చిగడ్డి వాసన ఉంది. ఖాజా ఇప్పుడు శంషాబాద్‌లో ఆటో నడుపుతున్నాడు. సత్తెమ్మ ఫోన్ చేస్తే వాడే వచ్చి నన్ను ఎత్తుకుపోయాడు. ఊళ్ళోని చిన్న దవాఖానలో ముట్టుకోలేదు, పట్నంలో కంటి దవాఖానకు తీసుకుపొమ్మన్నారు. దారంతా సత్తెమ్మ నా చెయ్యి పట్టుకుని అమ్మకు మొక్కుతూనే ఉంది. ఆవిడ అంతలా మొక్కడం అంతకుముందు నేను ఎరగను. ఆ రోజు నన్ను అన్నిటికంటే భయపెట్టింది అదే.

ఆ వారమంతా రెండు కళ్ళకూ కట్టు. రాళ్ళ ముక్కలు తీశామని, ఎడమ కన్ను పరిస్థితి బాగాలేదని, కుడి కన్ను మీద ఆశ ఉందని డాక్టరమ్మ చెప్పింది. తల కదపవద్దు, వంగవద్దు, కట్టుకు చుక్క నీరు తగలవద్దు. తగిలితే ఏమవుతుందని అడిగాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి పోయింది.

కళ్ళు లేకుండా దవాఖానలో కూర్చుంటే ఎన్ని తెలుస్తాయో చెప్పలేను. చెప్పుల చప్పుడును బట్టి నర్సు ఎవరో, ఆయా ఎవరో పోల్చుకునేవాణ్ణి. పేర్లు పిలిచే అమ్మాయి గొంతు మధ్యాహ్నం అయ్యేసరికి బొంగురుపోయేది. నన్ను బాత్రూంకు నడిపించే ఆయా ఒకావిడ ఉండేది. నా మణికట్టు పట్టుకుని, "గడప బాపూ, ఇగ చదును, తడి ఉన్నది జర మెల్లగ" అని ప్రతిదీ ముందే చెప్పేది. ఎప్పుడూ తొందర పెట్టలేదు.

మొదటి రోజే పోలీసాయన వచ్చి ఏం జరిగిందని అడిగాడు. ఆ పాటికి నాకు మొత్తం అర్థమైంది. కళ్ళకు కట్టు కట్టాక చీకట్లో ఒక్కొక్కటే వచ్చి కూర్చుంది. రాళ్ళకుప్ప, కర్రకు గుడ్డ, బండలోంచి బయటికి వచ్చిన తాడు, ఆ బుస. తాడు కాదు, తూటాకు పెట్టిన వత్తి. నేను వల్లించిన పాఠంలో ఉన్నవన్నీ నా ముందు వరసగా నిలబడితే, నేను కర్పూరం వెలిగించి వచ్చాను. కువైట్ ఎల్లయ్య తూటాకు పూజ చేశాడని ఊరంతా నవ్వుతుంది. కళ్ళు పోయినా ఆ నవ్వు వినబడుతుంది కదా.

అందుకని ఇలా చెప్పాను. మైసమ్మకు మొక్కి తిరిగి వస్తుంటే పక్క బండలో పేలని తూటా కనబడింది. కువైట్ చూసిన కన్ను, గుర్తుపట్టింది. గడ్డి కోసే ఆడవాళ్ళను దూరంగా తరిమేసి, చివరన నేను బయటపడుతుంటే పేలింది. పోలీసాయన రాసుకుని, పెద్దాయనా గట్టివాడివే అన్నాడు. పక్క మంచం మనిషి తన చుట్టాలకు నన్ను చూపించాడు. రెండు రోజులు నేను ఆ వార్డులో సిపాయిని.

మా అబ్బాయి రమేశ్ షాద్‌నగర్ దగ్గర ఫ్యాక్టరీలో పని చేస్తాడు. షిఫ్టు దిగి వచ్చి, నా కథ విన్నాడు. "బాపూ, నిజంగ గట్లనే అయిందా?" అన్నాడు. అయిందన్నాను. వాడు నమ్మలేదని వాడి ఊపిరిని బట్టి తెలిసింది. రెట్టించి అడిగితే చెప్పేసేవాణ్ణేమో. అడగలేదు. నా కథలతో వాడు చిన్నప్పటి నుంచీ అలసిపోయి ఉన్నాడు.

గురువారమో శుక్రవారమో, వరండాలో పరీక్ష కోసం వరసలో కూర్చున్నాం. సత్తెమ్మ నా పక్కన కూర్చుని ఇంకెవరో ఆవిడతో మాట్లాడుతోంది. నా కథను తన పద్ధతిలో అల్లుకుంది పాపం. నేను మొక్కి వచ్చాను కాబట్టి అమ్మ ఆ పేలుడును తన మీద వేసుకుందట, అందుకే ఆ రాయి ముక్కలైందట. అమ్మ ఇప్పుడు నాలా గట్టు మీది రాయిలోకి పోయిందట. వచ్చే ఆదివారం వాడకట్టు ఆడవాళ్ళంతా బోనాలతో అక్కడికే పోతున్నారు. ముందు బోనం తనదే. నా కళ్ళ కోసం మొక్కుకుంది.

ఎవరో బత్తాయి ఒలిచి తొన నా చేతిలో పెట్టారు, దాన్ని అలాగే పట్టుకుని ఉండిపోయాను. నాలా గట్టు. ఎర్ర గుడ్డ. నేను పోచమ్మ అని దండం పెట్టిన చిన్న బండ. బోనం మీద దీపం వెలుగుతుంటుంది. అక్కడ దింపి కర్పూరం వెలిగిస్తారు, కాయలు కొడతారు, డప్పులతో గుంపు గుంపంతా ఆ బండ చుట్టూ నిలబడుతుంది.

ఆ క్షణమే చెప్పాల్సింది. చెప్పలేదు. వరండాలో అంతమంది మధ్య ఎలా చెప్పను అనుకున్నాను. నేను ఇంటికి వచ్చాక పోదాంలే, ఇప్పుడే ఎందుకు అని మాత్రం అన్నాను. మొక్కును వాయిదా వేస్తారా అని ఆవిడ కసిరింది. ఆ పూట గడిచింది. ఇంకో రోజు కూడా గడిచింది.

శనివారం సాయంత్రం ఆవిడ ఊరికి బయలుదేరుతుంటే చెయ్యి పట్టుకున్నాను.

"సత్తెవ్వా, అది అమ్మ కాదు. తూటా. నాలా కాడిది గూడ తూటానే. పేల్చెటోళ్ళు గుర్తుకు గుడ్డ కట్టిపోయిన్రు."

"ఏంది?"

"నేను కర్పూరం ముట్టించింది తూటా వత్తి పక్కన. నేనే పేల్చిన."

ఆవిడ చెయ్యి విడిపించుకుంది. "పోలీసాయనకు ఒకటి చెప్తివి. డాక్టరమ్మకు గదే చెప్తివి. ఇప్పుడు నాకోటి. కండ్లకు కట్టు కట్టిన్రు గని నోటికి కట్టలే జూడు. అమ్మను పట్టుకుని తూటా అంటవా? నీ కండ్ల కోసమే గదనయ్యా నేను పోతున్నది."

చెప్పుల చప్పుడు దూరమైంది. వరండా చివర మలుపు తిరిగేదాకా విన్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, అది కూడా కథల్లోనే కలిసిపోయింది.

ఆదివారం పొద్దున ఖాజా చాయ్ ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు. వాడికి చెప్పాను. వాడు నవ్వాడు. కువైట్ నుంచీ నా కథలు వింటున్నవాడు, నవ్వక ఏం చేస్తాడు. సత్తెమ్మకు ఫోన్ చెయ్యమని వాణ్ణి పట్టుకుని ఊపాను. తలకు నొప్పి వచ్చింది. ఊపవద్దు పడుకో అన్నాడు. అప్పుడు ఇంకే దారీ కనబడక, ఎవరికీ చెప్పకూడదనుకున్నది చెప్పాను.

"ఖాజా, నేను ఎందుకు ఎనకకు తిరిగిన్నో ఎరుకనా?"

"చప్పుడు విని."

"చప్పుడు తర్వాత. ముందే తిరుగుతున్న. కొబ్బరి చెక్క కోసం. అమ్మ ముందల పెట్టిన చెక్క. పచ్చడికి పనికొస్తది, తెచ్చుకుందామని తిరిగిన. తిరగకపోతే రాళ్ళు వీపుకు తగిలేటివి."

ఖాజా నవ్వడం ఆగిపోయింది. ఫ్లాస్కు మూత కింద పెట్టిన చప్పుడు వినబడింది.

"అరే భాయ్. నీ గురించి గింత చిన్న మాట నువ్వు ఎన్నడు చెప్పలే."

వెంటనే ఫోన్ తీశాడు. సత్తెమ్మ ఎత్తలేదు. బోనం ఎత్తేవేళ ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది. రమేశ్‌కు చేస్తే ఆగిపోయి ఉంది, షిఫ్టులోకి పోయేటప్పుడు ఫోన్ గేటు దగ్గరే పెట్టాలి. పోలీసులకు చేశాడు. బండి పంపుతామన్నారు, బోనాల బందోబస్తులో ఉంది, వీలు చూసుకుని వస్తుందన్నారు. ఇంకో ఇద్దరికి చేస్తే డప్పుల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదని చెప్పాడు. డప్పులు అప్పటికే మొదలయ్యాయన్నమాట.

నేను మంచం దిగాను. నర్సు అడ్డం వచ్చింది. తల కదిపితే ఏమవుతుందో డాక్టరమ్మ చెప్పింది కదా తాతా అంది. చెప్పలేదమ్మా, భుజం మీద చెయ్యి వేసింది అన్నాను. ఖాజా ఆమెకు గబగబా ఏదో చెప్పాడు. ఆమె నన్ను ఆపడం మానేసి, ఇంకో పొర గుడ్డ తెచ్చి కట్టు మీద గట్టిగా చుట్టింది. "నీళ్ళు తగలొద్దు, తాతా. ఒక్క చుక్క కూడా" అంది. ఆ అమ్మాయి గొంతులో కోపం లేదు. అది నాకు ఎంతో బలమిచ్చింది.

ఆ ప్రయాణం నేను చూడలేదు, విన్నాను. ఆరాంఘర్ దాటేదాకా హారన్లు. తర్వాత లారీలు పక్క నుంచి పోతుంటే ఆటో ఊగడం. నేను రెండు చేతులతో తల కదలకుండా పట్టుకుని కూర్చున్నాను. గుంత వచ్చినప్పుడల్లా ఖాజా వెనక్కి చూడకుండా మాఫ్ కరో, మాఫ్ కరో అంటున్నాడు. తల మీదుగా విమానం చాలా కిందికి దిగింది, శంషాబాద్ వచ్చిందని అర్థమైంది. అక్కడి నుంచి పాల్మాకుల ఎంత దగ్గరో నాకు తెలుసు. ఆ రోజు ఆ దారి తెగలేదు.

మట్టిరోడ్డు ఎక్కగానే డప్పులు వినబడ్డాయి. ముందు కాదు, పక్కన కాదు, మాకు దూరంగా, నాలా వైపు కదులుతున్నాయి.

ఖాజా ఆటోను ప్లాట్ల మీదుగా, హద్దురాళ్ళ మధ్యలోంచి పోనిచ్చాడు. ఒకచోట ఆపి, ఇంకా ముందుకు పోను, ఇక్కడికే ఎర్ర గుడ్డ కనబడుతోంది అన్నాడు. నన్ను దింపి చెయ్యి పట్టుకున్నాడు. గుంపుకూ ఆ బండకూ మధ్య నిలబడ్డాం. వేపాకు వాసన, సాంబ్రాణి వాసన మీదికి వస్తోంది. డప్పు నా ఛాతీలో మోగుతోంది. ఆగండని అరిచాను. నా గొంతు నాకే వినబడలేదు. ఖాజా అరిచాడు. కళ్ళకు తెల్ల కట్టు, ఒంటి మీద దవాఖాన అంగీ, ఒక చెయ్యి బారచాపి అడ్డంగా నిలబడ్డ ముసలివాణ్ణి చూసి వాళ్ళు ఏమనుకున్నారో వెంటనే తెలిసింది.

"ఎల్లయ్య మీదికి అమ్మొచ్చింది" అన్నారెవరో.

అలా అమ్మ వచ్చినవాళ్ళను చల్లబరచడానికి మా దగ్గర ఏం చేస్తారో నాకు తెలుసు. వద్దు అనడానికి నోరు తెరిచాను. ఈలోపే పసుపునీళ్ళ చెంబు నా నెత్తి మీద బోర్లించారు. చల్లటి నీరు నుదుటి మీదుగా దిగి, కట్టులోకి ఇంకి, రెండు కళ్ళలోకి పోయింది. మొదట చల్లగా, తర్వాత నిప్పులా.

కూలబడిపోవాల్సిందే. కాని ఒక ఆలోచన వచ్చింది, మంచిదో చెడ్డదో మీరే చెప్పండి. ఎల్లయ్య మాట ఎవరూ వినరు. అమ్మ మాట వింటారు. నేను గొంతు పెంచి, ఊగిపోతూ, పూనకం వచ్చినవాళ్ళలా పలికాను.

"ఎవల కోసం వచ్చిన్రు? నేనీడ లేను. గది నా బండ గాదు. ఎక్కడోళ్ళు అక్కడ ఆగున్రి. వచ్చిన అడుగుల్నే ఎనకకు పోన్రి."

డప్పులు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఒక మేక అరిచింది. తర్వాత కాళ్ళ చప్పుడు, వందల కాళ్ళు, మెల్లగా వెనక్కి. ఒక్కరు కూడా పరుగెత్తలేదు. నేను నేల మీద కూర్చుండిపోయాను.

పోలీసులు తర్వాత వచ్చారు. మర్నాడు ఆ బండలు పేల్చినవాళ్ళను పిలిపించి, జనాన్ని దూరం పెట్టి, దాన్ని తీయించారు. లోపల తూటా అలాగే ఉందట. ఆ పేల్చేవాళ్ళలో ఒకాయన తర్వాత నన్ను చూడటానికి దవాఖానకు వచ్చాడు. వానలో వత్తులు తడిసి రెండు పేలలేదని, కాపలాదారుకు చెప్పి పోయామని, ఆ కాపలాదారు పని మానేసి పోతాడని తమకు తెలియదని చెప్పాడు. "ఎవ్వరూ దగ్గరికి రావద్దనే గుడ్డ కట్టినం, బాపూ" అన్నాడు. వాళ్ళు వద్దని కట్టిన గుడ్డ మాకు రమ్మని కనబడింది. పోతూ పోతూ ఇక నుంచి గుడ్డతో సరిపెట్టం, మనిషిని కూర్చోబెడతాం అన్నాడు.

శ్రావణమంతా నాకు చెడ్డ కాలం. కళ్ళలో చీము పట్టింది. మళ్ళీ ఆపరేషన్, మళ్ళీ కట్టు. జ్వరంలో కువైట్‌కు పోయి వచ్చాను చాలాసార్లు. డాక్టరమ్మ ఈసారి భుజం మీద చెయ్యి వేయలేదు, తిట్టింది. తిట్టి, బయటికి పోయి, మళ్ళీ వచ్చి నా దిండు సర్దింది. రమేశ్ సెలవు పెట్టి నా దగ్గర పడుకున్నాడు. ఒకరోజు అన్నాడు, మొదటి రోజే పోలీసాయనకు ఉన్నది చెప్పి ఉంటే ఆ రెండో బండను అదే రోజు తీసేసేవారు, నువ్వు ఆటోలో పోయే పనే ఉండేది కాదు, నీ కన్ను ఉండేది అని. కోపంగా అనలేదు. లెక్క అప్పజెప్పినట్టు అన్నాడు.

కుడి కన్ను నిలిచింది. అద్దాలు పెట్టుకుని దాంతోనే ఇది రాస్తున్నాను. అక్షరాలు పెద్దవిగా వేసుకుంటున్నాను. ఎడమ కంటితో కిటికీ తెల్లగా ఉందా నల్లగా ఉందా అంతవరకే. పసుపునీళ్ళు పోయకపోతే మిగిలేదా అని అడిగితే, డాక్టరమ్మ చెప్పలేనంది. నేను మళ్ళీ అడగలేదు.

ఇది చదివేవాళ్ళకు ఒకటే చెబుతాను. మన ఊళ్ళ చుట్టూ ఇంకా ఎన్నో బండలు పేలుతున్నాయి. పేల్చినచోటికి ఎవరైనా వచ్చి అంతా అయిందని చెప్పేదాకా పోకండి. కొత్తగా ఒక రాయి మీద గుడ్డ కనబడితే, మొక్కే ముందు ఎవరు కట్టారో అడగండి. కట్టినవాళ్ళు తెలియకపోతే దూరం నుంచే దండం పెట్టండి, అమ్మ ఏమీ అనుకోదు. రాతిలోంచి వచ్చిన తీగను, తాడును లాగకండి, దాని దగ్గర అగ్గిపుల్ల గీయకండి. మేకలు కాసేవాళ్ళకు, గడ్డి కోసేవాళ్ళకు చెప్పండి, అక్కడ తిరిగేది వాళ్ళే. మీరు చేసింది తెలివితక్కువ పని అయితే, అది ముందు చెప్పండి. సిగ్గుపడుతూ కూర్చునే టైం ఉండదు.

దసరా పోయాక మనుషులు నన్ను చూడటానికి రావడం ఎక్కువైంది. నేనూ మెల్లగా పాత మనిషినయ్యాను. మొన్న ఖాజా, ఇంకో నలుగురు వచ్చి కూర్చుంటే, ఆ రోజు అమ్మ నిజంగానే నా మీదికి వచ్చిందని, ఆ గొంతు నాది కాదని, ఒక్క కేకకు డప్పులన్నీ ఆగిపోయాయని చెబుతున్నాను. సత్తెమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. చెయ్యి ఆపకుండానే అంది.

"డప్పులు నీ కేకకు ఆగలే. నేను బోనం దించిన. దారిల బోనం నేల మీద పెట్టెటోళ్ళు ఎవరన్న ఉంటరా? అది చూసి ఆగినయి. అమ్మొచ్చినోళ్ళను నేను మస్తుమందిని జూసిన. గిట్ల ఖాజా చెయ్యి పట్టుకుని వేలాడరు. నీ మోకాళ్ళు గడగడ వణుకుతున్నయి, అంగీ తడిసింది, ఒక్క పసుపునీళ్ళతోనే గాదు. అబద్ధం చెప్పేటప్పుడు నువ్వు మంచిగ నిలబడతవు. ఆనాడు భయపడ్డవు. గందుకే నమ్మిన."